మీ రూల్స్ కాగితంలో రోపు ఊసే లేదు

ఆదివారాలు ఆఫ్‌రోడ్ ట్రయల్స్ నడిపే గ్రూపుల నిర్వాహకులకు, మార్షల్స్‌కు నమస్కారం.

మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. కాన్వాయ్‌లో అందరికన్నా వెనక, ముందు బంపర్‌కు వించ్, అంటే రోపును డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు, బిగించిన పాత జీపులో వచ్చేది నేనే. ఎవరి బండి దిగబడినా వాకీటాకీలో "అన్నా, ఒకసారి ముందుకు రావా" అని పిలుస్తారు. పేరు ఇక్కడ అనవసరం. ఈ సరదా పట్టుకోకముందు పద్దెనిమిదేళ్లు ఆటోనగర్‌లో క్రేన్ల ఇనుప రోపులు మార్చే పని చేశాను. రోపు గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకేమైనా ఉంటే అక్కడి నుంచి వచ్చిందే.

ఈ వానాకాలంలో వికారాబాద్ దాటాక ఒక రైతు బీడు భూమిలో జరిగిన ట్రయల్ గురించి ఈ లేఖ. ఏ గ్రూపు, ఎవరి బండి అన్నది చెప్పను. అక్కడున్నవాళ్లకు తెలుసు, లేనివాళ్లకు తెలియాల్సిన అవసరం లేదు. చెరువు అలుగు కింద నల్లబురదలో ఒక థార్ జీపు మడ్‌గార్డుల దాకా కూరుకుపోయింది. దాని వించ్ రోపునే ఎదురుగా ఉన్న వేపచెట్టుకు వేసి, బండి తనను తానే లాక్కునేట్టు పెట్టారు. కొత్త సింథటిక్ రోపు, కాషాయం రంగుది, వేసి ఎనిమిది నెలలే అయింది. సగం దూరం వచ్చాక టప్‌మని చప్పుడైంది. బంపర్ దగ్గర తెగిన కొస చెట్టు వైపు ఎగిరి, ఫోన్లో వీడియో తీస్తున్న పన్నెండేళ్ల పిల్లాడి చెప్పుకు జానెడు దూరంలో బురదలో పడింది. వాడు నవ్వాడు. వాళ్ల నాన్న మాత్రం చాలాసేపటిదాకా నవ్వలేదు.

ఆ సాయంత్రం ధాబాలో రెండు పార్టీలు అయ్యాయి. ఒకరు "అందుకే చెప్పేది, ఇనుప కేబులే కరెక్టు, ఈ ప్లాస్టిక్ దారాలను నమ్మకూడదు" అన్నారు. ఇంకొకరు "రోపు తప్పేం లేదు, చీప్ బ్రాండ్ కొంటే అంతే" అన్నారు. రెండు గంటలు వాదించుకున్నారు. తెగిన కొస నా జేబులోనే ఉంది. దాన్ని చూపించమని ఒక్కరూ అడగలేదు.

ఇంటికి తెచ్చి, బకెట్లో కడిగి, ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాను. ఈ రోపుల్లో 12 పేటలు ఒకదాని మీదుగా ఒకటి అల్లి ఉంటాయి. అందులో ఐదు పేటలు ఆ రోజు తెగినవి కావు. వాటి పోగులు గడ్డంలా పీచులేచి, లోపలిదాకా ఎర్రమట్టి పట్టి ఉన్నాయి. ఆ రోజు మేమున్నది నల్లబురదలో. అంటే ఆ ఐదు పేటలు అంతకుముందు ఎన్నో ట్రయల్స్‌లో కొంచెం కొంచెంగా తెగుతూ వచ్చాయి. మిగతా ఏడు మాత్రం మట్టి లేకుండా శుభ్రంగా ఉన్నాయి. కొసలు కరిగి గసగసాల్లాంటి చిన్న ఉండలు కట్టాయి. ఆ రోజు బరువంతా మోసి తెగినవి అవే.

మర్నాడు బండి యజమానికి ఫోన్ చేసి, ముందు బంపర్ ఫొటో పంపమన్నాను. అనుకున్నట్టే అయింది. ఆ బండికి మొదట్లో నాలుగేళ్లు స్టీల్ కేబుల్ ఉండేది. తర్వాత సింథటిక్ వేయించుకున్నాడు గానీ, రోపు బయటికొచ్చే చోట ఉండే రోలర్లు పాతవే ఉంచేశాడు. నాలుగేళ్లు స్టీల్ కేబుల్ రాసుకుని ఆ రోలర్ల మీద గాడులు పడ్డాయి, గాడుల అంచులు రంపం పళ్లలా లేచాయి. ఎనిమిది నెలలుగా లాగిన ప్రతిసారీ కొత్త రోపు ఆ రంపం మీదుగానే జారింది. పైగా రోపు పక్కకు లాగినప్పుడు నిలువు రోలరుకూ అడ్డ రోలరుకూ మధ్య మూలలో ఇరుక్కుని నలిగింది కూడా. బిగించిన షాపువాడు చెప్పలేదు, ఇతను అడగలేదు.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. 10 మిల్లీమీటర్ల మంచి సింథటిక్ రోపు కొత్తగా ఉన్నప్పుడు 8 టన్నుల పైన గానీ తెగదు. 12లో 7 పేటలే మిగిలితే కాగితం మీద 5 టన్నులు దాటదు. ఆ ఏడూ సమానంగా బరువు పంచుకోవు కాబట్టి నిజానికి అంతకూ తక్కువే. ఇక బురద సంగతి. చక్రాల లోతు దిగబడితే బండి బరువంత లాగాలి, మడ్‌గార్డుల దాకా అయితే రెండింతలు, క్యాబిన్ దాకా పోతే మూడింతలు. రికవరీ పనిలో అందరం వాడే అంచనా ఇది. మనుషులు, సామాను, ఇనుప బంపర్లు కలిపి ఆ థార్ 2 టన్నుల పైమాటే. అంటే రోపు మీద పడ్డది 4 టన్నులకు తక్కువ కాదు. వించ్ కూడా అంత లాగగలిగేదే. 9,500 పౌండ్ల వించ్ అంటే 4,300 కిలోలు. బ్రాండ్ ఏదైనా ఆ రోజు ఆ రోపు తెగాల్సిందే. అక్కడ స్టీల్ కేబుల్ ఉండి, అదీ అంతే అరిగి ఉంటే, తెగిన కొస పిల్లాడి చెప్పు దగ్గర ఆగేదా అన్నది నేను ఆలోచించదలుచుకోలేదు.

నిర్వాహకులారా, ట్రయల్‌కు ముందు మీరు పంపే రూల్స్ కాగితం నా దగ్గర నాలుగు గ్రూపులవి ఉన్నాయి. షూ ఉండాలి, ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్ ఉండాలి, మంటలార్పే సిలిండర్ ఉండాలి, టైర్లలో గాలి ఎంత తగ్గించాలి, టిఫిన్ కూపన్ ఎవరి దగ్గర తీసుకోవాలి, అన్నీ ఉన్నాయి. ఒక గ్రూపు అయితే స్టిక్కర్ ఏ డోర్ మీద ఎంత ఎత్తులో అతికించాలో కూడా రాసింది. వించ్ రోపు గురించి నాలుగు కాగితాల్లోనూ ఒక్క ముక్క లేదు.

"రోపు వాళ్ల సొంతం కదా, వాళ్లే చూసుకోవాలి" అని మీలో ఒకరు నాతో అన్నారు. బ్రేకులు సరిగ్గా లేకపోతే ఆ బండివాడికే కాదు, ముందున్న బండికీ ప్రమాదమే. రోపు కూడా అంతే. ఇంకా చెప్పాలంటే, రోపు తెగినప్పుడు యజమాని స్టీరింగ్ వెనక అద్దం చాటున ఉంటాడు. బయట నిలబడేది మనమే.

మా తాత గీత కార్మికుడు. నల్గొండ జిల్లాలో మా ఊరి తాటివనంలో నలభై ఏళ్లు చెట్లెక్కాడు. పొద్దున ఎక్కే ముందు మోకు చేతిలోకి తీసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా బొటనవేలితో తడిమేవాడు. కళ్లు ఎటో చూస్తుండేవి, నోరు ఎవరితోనో మాట్లాడుతుండేది, వేలు మాత్రం తాడు మీదే. ఎక్కడైనా పేట వదులైనట్టు తగిలితే మాట ఆగేది. ఆ రోజుకు ఆ మోకు పక్కన పెట్టేవాడు. నాకు తెలిసిన రోపు తనిఖీ అంతా అదే. క్రేన్ల మీద చేసిందీ అదే, ఇప్పుడు మిమ్మల్ని చేయమంటున్నదీ అదే.

స్టీలా, సింథటిక్కా అన్న గొడవకు వస్తాను. నన్ను అడిగితే, ఎవరి పని ఎలాంటిదో చూసి చెప్పాల్సిన సంగతి ఇది. అసలు తెలివైన ప్రశ్న "ఏది గొప్పది" అన్నది కాదు, "నేను దేన్ని చూసుకోగలను" అన్నది.

స్టీల్ కేబుల్ మొరటు మనిషి లాంటిది. ఎండలో వదిలేసినా, గ్రానైట్ బండ మీద ఈడ్చినా, వేడి తగిలినా ఓర్చుకుంటుంది. తెలుగువాళ్లకు దాని బలం కొత్తగా చెప్పక్కర్లేదు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటును అక్టోబర్‌లో ధర్మాడి సత్యం బృందం బయటికి లాగింది ఇనుప రోపులు, లంగర్లు, ప్రొక్లెయినర్లతోనే. ఆ ప్రయత్నాల్లో రోపు తెగిన రోజునా మనం టీవీల ముందే ఉన్నాం. క్వారీలో బండి ఉన్నవాళ్లు, వరిపొలాల్లో ట్రాక్టర్లు లాగేవాళ్లు, ఏడాదంతా బండి ఆరుబయటే పెట్టి వించ్‌ను రెండుసార్లు మాత్రమే వాడేవాళ్లు స్టీలే ఉంచుకోండి. ఎవరో రీల్‌లో చెప్పారని మార్చకండి.

కాకపోతే దాని రోగాలు దానికున్నాయి. మన వించులకు వచ్చే కేబుళ్లలో చాలావాటిలో ఏడు పేటలు, ఒక్కో పేటలో 19 తీగలు, మొత్తం 133 తీగలు ఉంటాయి. వాటిలో ఒక్క తీగ తెగితే బలం పెద్దగా తగ్గదు, కానీ తెగిన కొస గాలంలా పైకి లేస్తుంది. నా ఎడమచేతి ఉంగరం వేలి మీద కుట్ల గుర్తు దాని పుణ్యమే. క్రేన్ యార్డులో చేరిన కొత్తలో, గుడ్డ గ్లౌజు వేసుకుని, కదులుతున్న కేబుల్‌ను చేతిలోంచి జారనిచ్చాను. గాలం గుడ్డను పట్టుకుంది, గుడ్డ వేలిని పట్టుకుంది, డ్రమ్ము తిరుగుతూనే ఉంది. అడుగు దూరంలో మేస్త్రీ స్విచ్ ఆపబట్టి వేలు మిగిలింది. అందుకే చెప్తున్నా, తోలు గ్లౌజు ఉండాలి, రోపు కదులుతున్నంతసేపు దాని మీద చేయి ఉండకూడదు. పట్టుకోవాలి, వదలాలి, మళ్లీ పట్టుకోవాలి. చేతిలోంచి జారనివ్వకూడదు.

గాలాలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే కేబుల్ మొత్తం బయటికి తీసి, పాత కాటన్ గుడ్డ ఒకటి చుట్టి, నిలిచి ఉన్న కేబుల్ వెంట మెల్లగా నడవండి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ తెగింది. ఒకచోట ఒకటీ అరా అయితే సరే. జానెడులోపు గుంపుగా తగిలితే ఆ కేబుల్ పని అయిపోయినట్టే. ఇంకొకటి, మెలిక. వదులుగా ఉన్న కేబుల్ చుట్టుకుని, చూసుకోకుండా లాగితే ఒకచోట మడత పడుతుంది. సుత్తితో కొట్టి సాపు చేయవచ్చు. చూడ్డానికి సాపుగానే ఉంటుంది. కానీ ఆ మడతలో తీగలకు ఒకసారి విరుపు పడ్డాక మళ్లీ పాత బలం రాదు. పేటలు ఉబ్బి పిట్టల పంజరంలా విచ్చుకున్న కేబుల్‌ను కూడా నమ్మకండి. విశాఖ, కాకినాడ మిత్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఉప్పుగాలికి తుప్పు బయటికన్నా లోపల ముందు పడుతుంది. ఏడాదికి రెండుసార్లు విప్పి, ఆరబెట్టి, పల్చటి నూనె గుడ్డతో పట్టించండి. గ్రీజు దట్టంగా రాస్తే ఇసుకను పట్టి ఉంచడం తప్ప ఇంకో లాభం లేదు.

తెగిన స్టీల్ కేబుల్‌ను యూ-క్లాంపులతో అతికించుకుని తిరిగేవాళ్లున్నారు. అత్యవసరంలో ఇంటికి చేరడానికి సరే. అప్పుడైనా కనీసం మూడు క్లాంపులు వేయండి. వంపు ఉన్న యూ బోల్టు తెగి మిగిలిన పొట్టి కొస మీద కూర్చోవాలి, చదునైన జీను లాంటి భాగం బరువు మోసే కేబుల్ వైపు ఉండాలి. నేను చూసినవాటిలో చాలావరకు తిరగేసే ఉంటాయి.

ఇక సింథటిక్. ముందు తూకం చూడండి. 28 మీటర్ల 9.5 మిల్లీమీటర్ల స్టీల్ కేబుల్ 10 కిలోలు తూగుతుంది. అంతే పొడవు 10 మిల్లీమీటర్ల సింథటిక్ రోపు కిలోన్నర. బురదలో మోకాళ్ల దాకా దిగి, గట్టెక్కి చెట్టు దగ్గరికి లాక్కెళ్లేవాడికి ఆ తేడా ఏంటో తెలుస్తుంది. బరువు తక్కువ కాబట్టి తెగినప్పుడు విసురూ తక్కువే. నేను నా జీపుకు సింథటిక్కే వేసుకున్నాను. మన తెలంగాణ ఎర్రమట్టి, చెరువు బురదల్లో వారం వారం వాడేవాడికి అదే మేలని నా అభిప్రాయం. గుట్టల్లో బండల మీద కూడా అదే వాడతాను, కాకపోతే రాయి అంచు తగిలే చోట రోపు మీదికి జారే కాన్వాస్ తొడుగు ఉండాలి. తొడుగు లేని రోజు పాత డెనిమ్ ప్యాంటు కాలు చుట్టి లాగిన సందర్భాలున్నాయి. ప్యాంటు పోయింది, రోపు మిగిలింది.

కొనేటప్పుడు ఒక సంగతి. డైనీమా, స్పెక్ట్రా అన్నవి కంపెనీలు ఆ పోగుకు పెట్టుకున్న పేర్లు. పోగు మాత్రం ఒకే జాతి, చాలా పొడవాటి అణువుల పాలీఇథిలీన్. నీళ్లకన్నా తేలిక. నైలాన్ రోపునో, పాలిస్టర్ రోపునో రంగు మార్చి అమ్ముతున్నారన్న అనుమానం వస్తే, వేలెడు ముక్కను బాగా తడిపి, పిండి, బకెట్లో వేయండి. ఆ రెండూ మునుగుతాయి. అసలుది తేలుతుంది. కానీ తేలిందని వెంటనే డబ్బులు ఇచ్చేయకండి, నీళ్లతొట్టి దగ్గర కట్టుకునే చవక పాలీప్రొపిలీన్ తాడు కూడా తేలుతుంది. దాన్ని చేతితో పట్టుకుంటే గరుగ్గా, గడ్డిపోచలా ఉంటుంది. అసలు పోగు కొవ్వొత్తిని తాకినట్టు నున్నగా జారుతుంది, కొత్త బ్లేడు కూడా దాన్ని కోయడానికి ఆయాసపడుతుంది.

దీనికి శత్రువులు నాలుగు: అంచు, ఇసుక, వేడి, ఎండ. అంచు సంగతి పైన చెప్పాను. స్టీల్ తీసి సింథటిక్ వేస్తున్నారంటే రోలర్లు కూడా తీసేసి, గుండ్రటి నున్నటి అంచులున్న అల్యూమినియం హాస్, అంటే రోపు దూరి బయటికొచ్చే కంత ఉన్న పలక, వేయించండి. ఒకసారి అది వేశాక దాని మీదుగా మళ్లీ స్టీల్ కేబుల్ లాగకండి, పక్క బండివాడు అప్పడిగినా సరే. నెలకోసారి ఆ హాస్ లోపలి అంచును గోరుతో తడమండి. గోరుకు గీత తగిలితే సన్నటి ఎమరీ కాగితంతో పదినిమిషాల పని.

ఇసుక మోసం కనపడదు. బురద ఆరాక పేటల మధ్య ఉండిపోయిన రేణువులు రోపు మీద బరువు పడ్డ ప్రతిసారీ లోపలి నుంచి పోగులను కోస్తాయి. బయటికి రోపు కొత్తగానే ఉంటుంది, మధ్యలో మాత్రం తినేసి ఉంటుంది. కాబట్టి ప్రతి బురద ట్రయల్ తర్వాత మొత్తం విప్పి, పెద్ద టబ్బులో మామూలు సబ్బునీళ్లలో నానేసి, చేతులతో లోపలికి నలుపుతూ కడిగి, నీడలో ఆరేయండి. కారు కడిగే ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టకండి, అది మట్టిని ఇంకా లోపలికి తోస్తుంది. మా ఇంట్లో దీన్ని డాబా మీద దండెం వెంట వేస్తాం. మా ఆవిడ దాన్ని ఎప్పుడో బట్టలారేసుకునే తాడు చేస్తుందని నా భయం.

వేడి గురించి ఘాట్ల వైపు వెళ్లే గ్రూపులు, మారేడుమిల్లికో లంబసింగికో వెళ్లేవాళ్లు జాగ్రత్తగా వినాలి. చాలా వించుల్లో బ్రేకు అన్నది రోపు చుట్టుకునే డ్రమ్ము లోపలే ఉంటుంది. బండిని లాగేటప్పుడు పెద్దగా ఏం కాదు. వాలు మీద బండిని రోపుతో దించుతూ, పవర్‌తో రోపు వదిలేటప్పుడు ఆ బ్రేకు రాసుకుంటూ తిరుగుతుంది, డ్రమ్ము పెనంలా కాలుతుంది. ఈ పోగు 145, 150 డిగ్రీల మధ్య కరుగుతుంది. కానీ 70 దాటగానే బలం తగ్గడం మొదలవుతుంది. పాడయ్యేది డ్రమ్ముకు అంటుకుని ఉన్న మొదటి పొర, అంటే మామూలుగా ఎవరూ విప్పి చూడని భాగం. మెరుస్తూ గట్టిపడ్డ చోటు కనపడితే చేత్తో అటూ ఇటూ వంచండి. వంచుతుంటే మెత్తబడిందా, ఒత్తిడికి నొక్కుకుపోయింది అంతే, వాడుకోవచ్చు. ఎంత వంచినా పుల్లలా ఉందా, కరిగింది. ఆ ముక్క కోసేయాలి. డ్రమ్ము బయట, గేరుబాక్సులో బ్రేకు ఉండే వించులకు ఈ బాధ లేదు. కొనేముందు అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్న ఇది, కానీ అందరూ రంగు అడుగుతారు.

ఎండకు పైపోగులు పాలిపోయి పొడిబారతాయి. వాడనప్పుడు వించ్ మీద గుడ్డ కప్పితే చాలు.

డ్రమ్ము మీద చుట్ల గురించి చెప్పకపోతే ఈ లేఖ సగమే. రోపును డ్రమ్ముకు పట్టి ఉంచేది చివర్లో ఉన్న ఆ చిన్న స్క్రూ కాదు, చుట్ల పట్టు. స్టీల్‌కు ఐదు చుట్లు మిగలాలి. సింథటిక్ నున్నటిది, జారుతుంది, కాబట్టి ఎనిమిదికి తగ్గకూడదు, పది అయితే మంచిది. అక్కడిదాకా వచ్చిన చోట రోపు మీద ఎర్ర మార్కర్‌తో గీత పెట్టుకోండి. కొత్త రోపు చుట్టేటప్పుడు వదులుగా చుట్టేస్తే, మొదటిసారి గట్టిగా లాగినప్పుడు పైపొర కింది పొరల్లోకి దిగి ఇరుక్కుంటుంది. చిన్న వాలు మీద బండిని న్యూట్రల్‌లో పెట్టి, లోపల ఒకరు బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి, బండి తన బరువు మీద తానే రోపు చుట్టుకుంటూ పైకి రావాలి. చుట్టు పక్కన చుట్టు, పొర మీద పొర. పెళ్లిళ్ల సీజన్లో చీరల షాపువాడు చీర మడిచినంత ఓపిగ్గా.

అసలు ఈ పొరల సంగతి తెలియకే సగం రోపులు తెగుతున్నాయి, సగం మోటార్లు కాలుతున్నాయి. వించ్ మీద రాసిన 4,300 కిలోలు మొదటి పొరకే. పొర పెరిగేకొద్దీ డ్రమ్ము లావై పట్టు తగ్గుతుంది. నాలుగో పొర దగ్గర నాలుగో వంతో, అంతకన్నా ఎక్కువో పోతుంది. బండికి ఇరవై అడుగుల దూరంలో చెట్టు ఉందని సంబరపడి రోపు కొంచెమే తీసి లాగేవాళ్లు బలహీనమైన పొర మీద లాగుతున్నారు. దూరపు చెట్టు చూడండి. లేదంటే రోపు ఎక్కువ తీసి, చెట్టు దగ్గర స్నాచ్ బ్లాక్ వేసి కొసను బండికే తగిలించండి. బావి గిలక తెలిసినవాళ్లకు కొత్తేం కాదు. వేగం సగమవుతుంది, లాగే బలం దాదాపు రెట్టింపు, రోపు మీద భారం సగం. ఆ థార్‌కు ఆ రోజు నేను పట్టుబట్టి బ్లాక్ వేయించి ఉంటే ఆ ఏడు పేటలు కూడా ఒడ్డుకు చేర్చేవేమో. పట్టుబట్టలేదు. అది నా తప్పు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

తెగిన సింథటిక్‌కు ముడి వేయకండి. ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది, పైగా ఈ పోగు నున్నదనానికి ముడి జారిపోతుంది కూడా. దీనికి స్ప్లైస్ అని ఉంది. రోపు మధ్యంతా బోలు, గొట్టంలా ఉంటుంది. కొసను ఆ బోలులోకి పాము పుట్టలోకి దూరినట్టు దూర్చాలి. రోపు మందానికి 72 రెట్లు, అంటే 10 మిల్లీమీటర్లకు 72 సెంటీమీటర్లు లోపలికి పోవాలి. బయట లాగుతున్నకొద్దీ అల్లిక సన్నబడి లోపలి కొసను ఇంకా గట్టిగా పిసుకుతుంది. అడవి మధ్యలో, బానెట్ మీద కూర్చుని, ఒక సన్నటి గొట్టంతో ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. స్టీల్‌కు లేని సుఖం ఇది. జడ వేయడం వచ్చినవాళ్లు దీన్ని మగవాళ్లకన్నా తొందరగా నేర్చుకుంటున్నారని నా అనుభవం.

పేటల్లో పూర్తిగా తెగింది ఒక్కటున్నా ఆ చోట కోసి స్ప్లైస్ చేయాలి. పైపోగులు అంతటా నాలుగో వంతు అరిగి లేచిపోతే రోపు మార్చాలి. మొహమాటం వద్దు. టైర్లు నున్నగైతే మారుస్తాం కదా.

రోపు కొసన ఉన్న ఇనుప కొక్కేన్ని అదే రోపుకు వెనక్కి తగిలించే అలవాటు ఉంది చూడండి, దాన్ని అక్కడికక్కడే ఆపేయించండి. చెట్టుకు నేరుగా రోపు కాదు, మూడంగుళాల వెడల్పు పట్టీ వేయాలి. రోపుకూ మంచిది, చెట్టుకూ మంచిది. బెరడు చుట్టూ కోసుకుపోతే చెట్టు నిలువునా ఎండిపోతుంది, మళ్లీ ఏడాది ఆ రైతు మనల్ని పొలంలోకి రానివ్వడు. ఇంకొకటి, సాగే కైనెటిక్ రోపుకూ వించ్ రోపుకూ తేడా తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. జెర్కుతో లాగడానికి పనికొచ్చేది నైలాన్. వించ్ రోపు తెగేదాకా సాగేది వందకు మూడు నాలుగు పాళ్లే. దాంతో జెర్కు ఇస్తే బంపర్ ఊడి వస్తుంది.

"సింథటిక్ తెగితే నేలమీద పడిపోతుంది, ప్రమాదం లేదు" అన్న మాట మార్షల్స్ నోటే విన్నాను. ఆ పిల్లాడి వైపు ఎగిరింది ఉత్త రోపు కొస కాబట్టి బురదలో పడింది. అదే చెట్టు దగ్గర షాకిల్‌కు (రోపును చెట్టు వైపు తగిలించే ఇనుప కొక్కీకి) అవతల తెగి ఉంటే, ఆ ఇనుప షాకిల్‌తో సహా బండి అద్దంలోకి వచ్చేది. అందుకే వీలైన చోట ఇనుప షాకిల్ బదులు తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్ వాడమంటాను. ఏ రోపైనా మధ్యలో తడి గోనెసంచో, బరువైన దుప్పటో వేయాల్సిందే. బయట ఎంత రోపు ఉందో దానికి ఒకటిన్నర రెట్లు దూరంలో జనం ఉండాలి, రోపు గీతకు పక్కగా ఉండాలి. బిగిసిన రోపును దాటేవాణ్ని ట్రయల్ నుంచి పంపించేయండి. వాడెంత సీనియరైనా సరే, అది నేనైనా సరే.

మీ నుంచి నేను కోరేది పెద్దదేం కాదు. రూల్స్ కాగితంలో టిఫిన్ కూపన్ పైన ఒక్క వాక్యం చేర్చండి: వించ్ ఉన్న ప్రతి బండి స్టార్టింగ్ పాయింట్ దగ్గర రోపు మొత్తం విప్పి, మార్షల్‌కు చూపించాకే ట్రాక్‌లోకి. బండికి పది నిమిషాలు పడుతుంది. పది బండ్లుంటే గంటా నలభై నిమిషాలు. ఆలస్యమవుతుందంటారా, డ్రోన్ ఎగరేసి గ్రూప్ ఫొటో తీసుకోవడానికి పోయిన నెల మనకు పట్టింది యాభై నిమిషాలు. నేను గడియారం చూశాను.

వచ్చే ట్రయల్ రోజు పొద్దున ఆరింటికి స్టార్టింగ్ పాయింట్ దగ్గర నీలం టార్పాలిన్ పరుచుకుని కూర్చుంటాను. నీళ్ల టబ్బు, కాటన్ గుడ్డలు, ఎమరీ కాగితం, స్ప్లైస్ గొట్టం నావి. మీ రోపులు చివరి చుట్టు దాకా విప్పి పట్టుకురండి. జేబులో ఉన్న ఆ కాషాయం ముక్క కూడా తెస్తాను, ఈసారైనా ఎవరైనా అడుగుతారేమో చూద్దాం. ఆ పిల్లాణ్ని కూడా తీసుకురమ్మని వాళ్ల నాన్నకు చెప్పాను. వాడి వేళ్లు సన్నగా ఉన్నాయి, స్ప్లైస్ నేర్పిస్తాను.

ఇట్లు,
మీ కాన్వాయ్‌లో చివరి బండి